పిల్లికి మధుమేహం వస్తే పోపులపెట్టె చాలదు

మా ఇంటి వెనుక వరండాలో ఒక మూల పిల్లి కోసం ఇసుక తొట్టె ఉంటుంది. 2023 ఆగస్టులో ఒకనాటి ఉదయం ఆ తొట్టె చుట్టూ చీమలు బారులు తీరి ఉండటం మా అత్తగారి కంట పడింది. ఆవిడకు అప్పటికి ఎనభై రెండేళ్ళు. ముప్పై ఏళ్ళుగా మధుమేహంతో కాపురం చేస్తున్న మనిషి. కాసేపు ఆ చీమలను పరిశీలనగా చూసి, "అమ్మాయ్, నీ పిల్లికి నా జబ్బే వచ్చింది, చూసుకో" అన్నారు.

నేను నవ్వి ఊరుకున్నాను. కాని అది నవ్వవలసిన విషయం కాదని ఆ సాయంత్రానికే తోచింది. పదకొండేళ్ళ మా బుజ్జిగాడు అప్పటికి కొన్ని వారాలుగా నీళ్ళ గిన్నె దగ్గరనుంచి కదలడం లేదు. పెట్టినదంతా తింటున్నా వెన్నెముక చేతికి తగులుతోంది. ఎండకాలం కదా అని ఒకసారి, వయసు మీద పడింది కదా అని మరొకసారి సమాధానం చెప్పుకున్నాను. మూత్రానికి చీమలు చేరడాన్ని ప్రమేహానికి ముందు కనిపించే లక్షణాలలో ఒకటిగా చరకసంహిత ఎన్నో శతాబ్దాల క్రిందటే చెప్పింది. ఆ లక్షణం మా వరండాలో కనబడుతుంటే గుర్తించినది చదువుకున్న నేను కాదు, మా అత్తగారు.

రోగనిర్ణయంలో ఆవిడ గెలిచారు. చికిత్స దగ్గరకు వచ్చేసరికి నేను ఘోరంగా తప్పటడుగు వేశాను. ఈ పత్రిక చదివేవారిలో చాలామంది నావలెనే వంటింటి వైద్యంపై గౌరవం ఉన్నవారు గనుక, ఆ తప్పు మరొక ఇంట జరగకూడదన్న ఉద్దేశంతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మూడు వారాల ఇంటివైద్యం

మా ఇంట మధుమేహానికి మందులు వెదకనక్కరలేదు. మెంతిపొడి సీసా, ఎండబెట్టిన నేరేడు గింజల పొడి, పొడపత్రి ఆకు, కాకరకాయ రసం ఇవన్నీ అత్తగారి కోసం ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. డాక్టరు వ్రాసిన ఇన్సులిన్‌కు తోడుగా, ఆయనకు చెప్పే, ఆవిడ వీటిని వాడుకుంటారు. మనిషికి మేలు చేసే వస్తువు ఇంత చిన్న ప్రాణికి హాని చేస్తుందా అనుకున్నాను. పాలలో చిటికెడు మెంతిపొడి కలిపి పెట్టాను. తాగలేదు. పెరుగన్నంలో పొడపత్రి పొడి కలిపాను. వాసన చూసి వెళ్ళిపోయాడు. చివరకు పట్టుకుని నాలుగు చుక్కలు కాకర రసం నోట్లో పిండాను. నోటి వెంట నురుగు కార్చుకుంటూ మంచం కిందికి దూరి, ఆ పూటంతా బయటకు రాలేదు.

అలా మూడు వారాలు గడిచాయి. చేదు కలుస్తుందన్న అనుమానంతో బుజ్జిగాడు అన్నం గిన్నెనే నమ్మడం మానేశాడు. ఆరు కిలోలుండే పిల్లి నాలుగున్నరకు దిగింది. ఒకనాడు నడుస్తుంటే వెనుక కాళ్ళ మడమలు నేలకు ఆని, కూర్చుని నడుస్తున్నట్లు కనిపించాడు. దూకి ఎక్కవలసిన కిటికీ అరుగు కింద నిలబడి పైకి చూస్తూ ఉండిపోయాడు. ఆ చూపు నేను ఈనాటికీ మరువలేదు.

ఆనాడే పశువైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్ళాము. రక్తంలో చక్కెర 412 మిల్లీగ్రాములుంది. అయితే ఆమె ఆ ఒక్క అంకె చూసి తీర్పు చెప్పలేదు. ఆసుపత్రికి తెచ్చిన భయంతోనే పిల్లులకు రక్తంలో చక్కెర బాగా పెరుగుతుందనీ, అందుచేత మూత్రంలో చక్కెర ఉన్నదా అని, గడచిన రెండు వారాల సుమారు స్థితిని తెలిపే ఫ్రక్టోసమీన్ పరీక్షలో ఏమున్నదని చూడాలనీ చెప్పారు. రెండూ మధుమేహాన్నే చూపాయి. మూత్రంలో కీటోన్ల జాడ కూడా కనిపించింది. ఇన్సులిన్ చాలక శరీరం తన కొవ్వును తానే కరిగించుకుంటున్నదనడానికి అది గుర్తు. అది ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది.

"ఇన్నాళ్ళూ ఏమి వాడారు?" అని ఆమె అడిగారు. చెప్పాను. ఆమె కోప్పడలేదు. "మీరు ఇచ్చిన పొడి కంటె, మీరు పోగొట్టిన రోజులు ఎక్కువ నష్టం చేశాయి" అన్నారు.

పిల్లి చిన్న మనిషి కాదు

ఆ మాట తరువాత నేను చదివి, అడిగి తెలుసుకున్నది ఏమిటంటే, పిల్లి శరీరం మన శరీరానికి తగ్గించిన నమూనా కాదు. అది పూర్తిగా మాంసాహారంపై బ్రతికే ప్రాణి. పిండిపదార్థాలను జీర్ణం చేయడం ప్రారంభించే రసం దాని లాలాజలంలో లేదు. తీపి రుచి దాని నాలుకకు తెలియదు. ఆ రుచిని గ్రహించే జన్యువు పిల్లిజాతిలో పనిచేయడం లేదని 2005లో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. కూరగాయలలోని పసుపుపచ్చని పదార్థం నుంచి మనం విటమిన్ ఎ తయారు చేసుకోగలం. పిల్లి చేసుకోలేదు. గుండెకూ కంటికీ అవసరమైన టారిన్ అనే పదార్థం అది మాంసం నుంచే పొందవలసి ఉంటుంది.

మందుల విషయంలో ఇంకొక ముఖ్యమైన భేదం ఉంది. మనం మింగిన అనేక పదార్థాలను మన కాలేయం ఒక ప్రత్యేక రసాయన ప్రక్రియతో విరిచి బయటకు పంపుతుంది. పిల్లి కాలేయంలో ఆ ప్రక్రియ చాలా బలహీనం. జ్వరానికి మనం వాడే పారసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లిని చంపగలగడానికి కారణం అదే. మన వంటలో నిత్యం వాడే ఉల్లి, వెల్లుల్లి కూడా పిల్లి ఎర్ర రక్తకణాలను నశింపజేసి రక్తహీనత తెస్తాయి. వెల్లుల్లి గుండెకు మంచిదని పిల్లికి పెట్టినవారు దాని రక్తాన్ని హరించినవారవుతారు. "మూలిక కదా, మేలు చేయకపోయినా కీడు చేయదు" అన్న మాట మనుషుల విషయంలోనే పూర్తిగా నిజం కాదు. పిల్లి విషయంలో అది ప్రమాదకరమైన మాట.

ఇక లంఖణం సంగతి. లంఖణం పరమౌషధమని మన పెద్దలు అంటారు. జ్వరపడిన మనిషికి అది తగిన మాటే కావచ్చు. కాని పిల్లి, అందునా బొద్దుగా ఉన్న పిల్లి, రెండుమూడు రోజులు తిండి మానేసిందంటే దాని కాలేయంలో కొవ్వు పేరుకుపోయి కామెర్లు వచ్చే అవకాశం ఉంది. ఇన్సులిన్ తీసుకుంటున్న పిల్లి తినకపోతే చక్కెర పడిపోయే ముప్పు అదనం. చేదు మందు కలిపిన నా అన్నం గిన్నె ఎంత పని చేసిందో అప్పుడు అర్థమైంది.

మన శాస్త్రం నిజంగా చెప్పినదేమిటి?

ఇది విని కొందరు పాఠకులు నేను ఆయుర్వేదానికి ఎదురు నిలిచానని భావించవచ్చు. నా అభిప్రాయం దానికి పూర్తిగా విరుద్ధం. శాస్త్రాన్ని మనమే సరిగా చదువుకోలేదని నా మనవి.

చరకసంహిత ప్రమేహరోగులను రెండు విధాలుగా విభజించింది. స్థూలకాయుడై బలం ఉన్నవాడు ఒకడు, కృశించి దుర్బలుడైనవాడు మరొకడు. మొదటివానికి శోధన చికిత్స చెప్పి, రెండవవానికి శరీరాన్ని పోషించే బృంహణ చికిత్స చెప్పింది. ఒకే రోగం, ఇద్దరు మనుషులు, రెండు మార్గాలు. మనిషికీ మనిషికీ మధ్యనే ఇంత భేదం పాటించిన శాస్త్రం మనిషి మందును చిటికెడు తగ్గించి పిల్లికి పెట్టమని చెబుతుందా?

పైగా మన పూర్వులు జంతువుల వైద్యానికి వేరుగా గ్రంథాలు వ్రాసుకున్నారు. గుర్రాల వైద్యానికి శాలిహోత్రుని పేరిట, ఏనుగుల వైద్యానికి పాలకాప్యుని పేరిట గ్రంథాలు ఉన్నాయి. ఏనుగుకు ఒక శాస్త్రం, గుర్రానికి మరొక శాస్త్రం. ఏ ప్రాణి ప్రకృతి ఆ ప్రాణిదే అన్న ఎరుక లేకపోతే ఈ శ్రమ ఎందుకు?

ఇంకొక ఉదాహరణ చూడండి. సుఖంగా కూర్చుని ఉండటం, అతినిద్ర, పాలు, పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు ప్రమేహానికి కారణాలని చరకుడు చెప్పాడు. వీటిలో చాలా భాగం మా బుజ్జిగాడి దినచర్యే. బీజాలు తీయించిన మగపిల్లి, గడప దాటనివ్వని పెంపకం, రోజంతా నిద్ర, మూడు పూటలా పాలన్నం, పెరుగన్నం, మధ్యమధ్య బిస్కట్లు. వయసు మళ్ళడం, స్థూలకాయం, వ్యాయామం లేకపోవడం, బీజాలు తీసిన మగపిల్లి కావడం ఇవే పిల్లి మధుమేహానికి ముఖ్య కారణాలని నేటి పశువైద్యమూ చెబుతోంది. చాలాకాలం వాడిన స్టిరాయిడ్ మందులు కూడా ఈ వ్యాధిని తేగలవు. అయితే అదే చరకుని పట్టికలో మాంసరసాలు కూడా ఉన్నాయి. ఆ మాట పట్టుకుని పిల్లికి మాంసం మాన్పిస్తే ఏమవుతుంది? మనిషికి చెప్పిన అపథ్యమే పిల్లికి పథ్యం. సాత్మ్యం అనే భావన మన శాస్త్రంలో ఉన్నది ఇటువంటి చోట వాడుకోవడానికే.

శాకాహారపు ఇంట ఒక చిక్కు

మాది తరతరాలుగా శాకాహార కుటుంబం. పిండిపదార్థాలు బాగా తగ్గించి, మాంసకృత్తులు ఎక్కువగా ఉన్న ఆహారం ఇవ్వాలని వైద్యురాలు చెప్పినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చినది బుజ్జిగాడు కాదు, మా అత్తగారు. భయపడుతూనే ఆవిడకు చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "దాని ధర్మం దానిది. వరండాలో వేరే పళ్ళెం పెట్టు. నా వంటింట్లోకి తేకు" అన్నారు. ఆనాటి నుంచి పిల్లుల కోసం తయారైన తడి ఆహారపు డబ్బాలు, దానికి వేరే చెంచా, వేరే పళ్ళెం వరండాలోనే ఉంటున్నాయి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఇంట్లో ఉడికించిన మాంసం ముక్కలొక్కటే పెడితే కాల్షియం, టారిన్ వంటివి చాలవు. పిల్లి కోసమే సమతూకంగా తయారైన ఆహారం ఉండాలి. గలగలలాడే పొడి గింజల ఆహారంలో సాధారణంగా పిండిపదార్థం ఎక్కువ, తడి ఆహారంలో తక్కువ. రెండవది, ఇన్సులిన్ వాడుతుండగా వైద్యులకు చెప్పకుండా ఒక్కసారిగా ఆహారం మార్చకూడదు. పిండిపదార్థం తగ్గగానే ఇన్సులిన్ అవసరం కూడా తగ్గి, పాత మోతాదే ప్రమాదం కావచ్చు.

నీళ్ళ విషయం కూడా చెప్పవలసి ఉంది. మూత్రం ఎక్కువ పోస్తున్నదని నీళ్ళ గిన్నె తీసివేసేవారిని నేను చూశాను. అది మహాపాపం. చక్కెరతో పాటు నీరు బయటకు పోతున్నందువల్లనే ఆ దాహం. గిన్నె ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఎంత తాగుతున్నదో మాత్రం కొలిచి చూసుకోవాలి. కిలో బరువుకు రోజుకు 100 మిల్లీలీటర్లు మించి తాగుతుంటే అది అనుమానించవలసిన దాహం.

సూదిమందు అనే భయం

"పిల్లికి రోజూ రెండు సూదులా? ఎంత హింస!" అని మా బంధువులలో అనని వారు లేరు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఇన్సులిన్ సూది వెంట్రుకంత సన్నం. చర్మాన్ని గుడారంలా పైకి లాగి కింద గుచ్చితే బుజ్జిగాడు తినడం ఆపకుండానే పని అయిపోతుంది. నా చేతులు వణికినది పది రోజులు. వాడు పట్టించుకున్నది రెండు రోజులు. కాకర రసం పిండినప్పుడు నేను చేసిన హింసతో పోలిస్తే ఇది ఏమీ కాదు. ఇన్సులిన్‌ను 1921లో టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ మొదట పరీక్షించినది కుక్కల మీద. మూగజీవాల ప్రాణాలతో మనకు దక్కిన మందు ఒక మూగజీవికి తిరిగి ఇవ్వడంలో తప్పేమీ నాకు కనిపించదు.

అయితే ఈ మందులో ఒక గండం ఉంది. మధుమేహ రోగులున్న ప్రతి ఇల్లూ దీనిని గుర్తుంచుకోవాలి. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్ సీసాలు, 100 యూనిట్లుండేవి రెండూ దొరుకుతాయి. దేని సిరంజి దానికి వేరు. సాధారణంగా 40 రకానికి ఎర్ర మూత, 100 రకానికి నారింజ రంగు మూత ఉంటుంది. మా అత్తగారిది 40 రకం. బుజ్జిగాడికి వ్రాసిన గ్లార్జిన్ 100 రకం. ఒకనాడు నేను ఊరిలో లేనప్పుడు మందు ఇవ్వబోయిన మావారు పొరపాటున ఎర్ర మూత సిరంజిలో దానిని ఎక్కించారు. అనుమానం వచ్చి ఫోను చేశారు కాబట్టి సరిపోయింది. ఎర్ర మూత సిరంజిలో ఒక గీత వరకు తీసుకుంటే ఆ మందు రెండున్నర యూనిట్లవుతుంది. ఒక యూనిట్‌తో మొదలుపెట్టిన పిల్లికి అది ప్రాణాంతకం కావచ్చు. నాటినుంచి అత్తగారి సిరంజిలు దేవుడి గది అలమరలో, పిల్లివి వరండా అలమరలో ఉంటున్నాయి.

చక్కెర పడిపోతే పిల్లి తూలుతుంది, నీరసించి పడిపోతుంది, పిలిస్తే పలకదు, ఒక్కొక్కసారి ఫిట్స్ వస్తాయి. అప్పుడు తేనె గాని, చిక్కని పంచదార పాకం గాని కొద్దిగా వేలితో చిగుళ్ళకు రాసి వెంటనే వైద్యుని దగ్గరకు పరుగెత్తాలి. స్పృహలో లేని పిల్లి నోట్లో ఏదీ పోయరాదు, ఊపిరితిత్తులలోకి పోతుంది. ఫిట్స్ వస్తుండగా నోట్లో వేలు పెట్టరాదు. సూది సరిగా పడిందో లేదో అని సందేహం కలిగితే మళ్ళీ వేయకండి. ఒక పూట మందు తప్పితే వచ్చే నష్టం స్వల్పం, రెండుసార్లు పడితే వచ్చే నష్టం పెద్దది. పిల్లి తిననప్పుడు వైద్యుని అడగకుండా మందు ఇవ్వకండి.

మాత్రలు లేవా?

ఉన్నాయి. బెక్సాగ్లిఫ్లోజిన్ అనే మాత్రను 2022 డిసెంబరులో, వెలాగ్లిఫ్లోజిన్ అనే ద్రవాన్ని 2023 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పిల్లుల కోసం అనుమతించింది. ఇవి చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపుతాయి. అయితే అంతకుముందు ఇన్సులిన్ వాడని, ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న పిల్లులకే ఇవి తగినవి. రక్తంలో చక్కెర మామూలుగా కనబడుతుండగానే కీటోన్లు పెరిగి ప్రాణాపాయం రాగలదని వాటిపై హెచ్చరిక ఉంది. ఇదే జాతికి చెందిన మనుషుల మాత్రలు మన ఇళ్ళలోనూ ఉంటున్నాయి కదా అని విరిచి పిల్లికి పెట్టే సాహసం ఎవరూ చేయవద్దు. నేను మెంతిపొడితో చేసిన తప్పుకు అది మరొక రూపమే అవుతుంది.

ముసలి పిల్లికి ఇంత అవసరమా?

మా ఇంటికి వచ్చిన పెద్దమనిషి ఒకరు, "పదకొండేళ్ళు బ్రతికింది చాలదా? దీని మీద పెట్టే డబ్బు ఏ పేదవానికో ఇవ్వకూడదా?" అన్నారు. ఆయన మాటలో చెడు ఉద్దేశం లేదు. మందు, పరీక్షలు, ఆహారం అన్నీ ఖర్చే. ఊరికి వెళ్ళాలంటే పిల్లికి సూది ఎవరు వేస్తారని ముందుగా ఆలోచించుకోవాలి. గత ఏడాది ఒక పెళ్ళికి మేమిద్దరం కలిసి వెళ్ళలేకపోయాము.

ఆయనకు నేను చెప్పిన సమాధానం ఇది. ఇంటిలోపల పెట్టి, వేట మాన్పించి, అన్నం అలవాటు చేసి, స్వేచ్ఛగా తిరగగలిగిన ప్రాణిని బొద్దుగా చేసినది మేము. జబ్బులో మా చేయి ఉన్నప్పుడు చికిత్సలో మా చేయి లేకపోతే ఎలా? నిజంగా భరించలేని ఇల్లు ఉండవచ్చు. వారు వైద్యునితో దాపరికం లేకుండా మాట్లాడి, పిల్లికి బాధ లేని మార్గం ఎంచుకుంటే వారిని నేను తప్పుపట్టను. కాని వైద్యం చేస్తున్నామన్న తృప్తి కోసం పొడులు తినిపిస్తూ, లోలోపల ప్రాణి కరిగిపోతుంటే చూడకపోవడం మాత్రం దయ కాదు. అది నేను చేశాను కాబట్టే చెబుతున్నాను.

ఇంకొక కారణం కూడా ఉంది. తొందరగా గుర్తించి, ఇన్సులిన్, పిండిపదార్థం తక్కువైన ఆహారం రెండూ వెంటనే మొదలుపెడితే, కొన్ని పిల్లులలో క్లోమం మళ్ళీ తేరుకుని, కొన్ని నెలలకు ఇన్సులిన్ అవసరం లేని స్థితి వస్తుంది. వ్యాధి తిరగబెట్టే అవకాశం ఉంటుంది గనుక పరీక్షలు మానరాదు. అయినా అది ఎంత పెద్ద వరం! బుజ్జిగాడికి ఆ వరం దక్కలేదు. ఆ మూడు వారాల వల్లనే దక్కలేదని వైద్యురాలు అనలేదు. అనకపోయినా ఆ ప్రశ్న నా మనసులోనుంచి పోలేదు.

ఇంటివైద్యం అంటే

ఈ రెండేళ్ళలో నాకు తెలిసివచ్చినది ఒకటి ఉంది. ఇంటివైద్యమంటే ఇంట్లో ఉన్న పొడి కాదు, ఇంటివారి చూపు. పిల్లి ఎన్ని నీళ్ళు తాగింది, ఎంత తిన్నది, ఇసుకలో ఎన్ని ముద్దలు కట్టింది, కిటికీ ఎక్కగలిగిందా లేదా అన్నది ఏ ఆసుపత్రికీ తెలియదు. మేము ఒక పాత లెక్కల పుస్తకంలో రోజూ ఇవన్నీ వ్రాస్తాము. వారానికొకసారి బరువు తూస్తాము. చెవి అంచున చిన్న సూదితో గుచ్చి, ఒక్క చుక్క రక్తంతో ఇంట్లోనే చక్కెర చూస్తాము. ఇంట్లో చూస్తే ఆసుపత్రి భయం వల్ల పెరిగే అంకె ఉండదు. మనుషుల గ్లూకోమీటరు పిల్లి రక్తంలోని చక్కెరను సాధారణంగా కొంత తక్కువగా చూపుతుంది. ఆ సంగతి తెలుసుకుని, మోతాదు మార్పు మాత్రం వైద్యురాలికే విడిచిపెడతాము. పంటి చీము, మూత్రంలో చీము వంటివి చక్కెరను అదుపు తప్పిస్తాయి గనుక వాటినీ చూపించుకుంటాము.

మన రాష్ట్రాలలో రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వంటి చోట్ల పశువైద్య కళాశాలలు ఉన్నాయి. పట్టణాలలో పెంపుడు జంతువుల వైద్యులు ఉన్నారు. పిల్లికి కూడా ఇన్సులిన్ ఉంటుందా అని సిగ్గుపడకుండా అడగండి. మీరు ఇంట్లో వాడిన పొడి, ఆకు, రసం ఏదైనా దాచకుండా చెప్పండి. దాచినందువల్ల మోతాదు తప్పుతుంది.

ఇప్పుడు మా ఇంట ఉదయం ఏడు గంటలకు, రాత్రి ఏడు గంటలకు రెండు సూదులు సిద్ధమవుతాయి. ఎర్ర మూతది అత్తగారికి, నారింజ మూతది బుజ్జిగాడికి. వాడి వెనుక కాళ్ళకు బలం రావడానికి దాదాపు అయిదు నెలలు పట్టింది. పూర్వంలా గంతులు వేయడు గాని, మధ్యలో ఒక పీట వేస్తే కిటికీ అరుగు ఎక్కి కూర్చుంటాడు. అత్తగారు తన మెంతిపొడి తాను తింటారు, వాడి గిన్నె జోలికి వెళ్ళరు. ఇసుక తొట్టె దగ్గర చీమలు ఉన్నాయా అని మాత్రం రోజూ ఉదయం తొంగి చూస్తారు.

మీ ఇంట వయసు మళ్ళిన పిల్లి ఉంటే మీరూ తొంగి చూడండి. చీమలు కనబడిన నాడే బయలుదేరండి, మూడు వారాలు ఆగకండి.